గాలికి ముఖం తెలియని గుడారం

మా బావ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు పెళ్లి ఫొటోలు తీసినాయన, రెండోవారు పళ్ల డాక్టరు. ఆ డాక్టరు కూడా పన్ను పీకడం గదిలో మొదలుపెట్టి మెట్ల మీద పూర్తిచేశాడని నేను నలుగురిలో చెబుతుంటాను. ఎవరైనా నమ్మకపోతే జేబులోంచి పన్ను తీసి చూపిస్తాను. అది ఎవరి పన్నని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నా చదువు సంగతి చెప్పుకోవలసినంత లేదు. పదో తరగతి నన్ను రెండేళ్లు మోసి, మూడో ఏడు నడుం పట్టేసి దించేసింది. మనుషుల్ని చదవడంలో మాత్రం నన్ను మించినవాడు మా వీధిలో లేడు. ఒక్క బావని చదవడమే కష్టం. పేజీ నిలబడదు.

ఆయన పని లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టడం. ఇరవై రెండేళ్లు ఒకే షెడ్డులో ఎలా ఉన్నాడంటే, పట్టా నలభై అడుగులు ఉంటుంది. దాన్ని నేల మీద పరిచి, దబ్బనం పట్టుకుని, వంగి, అంచు వెంబడి కుట్టుకుంటూ పోవాలి. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి ఇంకో పట్టా సిద్ధంగా ఉంటుంది. కాలుకాలిన పిల్లికి అంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. షెడ్డులో అందరూ ఆయన్ని పిల్లి మేస్త్రీ అనే పిలుస్తారు.

ఈమధ్య లారీలన్నీ ఇనప పెట్టెలు తగిలించుకుని వస్తున్నాయి. పెట్టెకి దుప్పటి ఎవరు కప్పుతారు? నెలాఖరుకి షెడ్డు మూసేస్తానని యజమాని చెప్పేశాడు.

మా అక్క ఆలోచన పెట్టుకునే మనిషి కాదు, పని పెట్టుకునే మనిషి. రెండో రోజే గోదాము మేనేజరుతో మాట్లాడి వచ్చింది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రిజిస్టరు. వచ్చే సరుకు, పోయే సరుకు రాసుకోవాలి. సోమవారం పొద్దుటికల్లా జవాబు చెప్పాలి.

"కుర్చీ అంటే ఎనిమిది గంటలూ కుర్చీయేనా?" అన్నాడు బావ, వంటగదికీ వరండాకీ మధ్య తిరుగుతూ.

"మరి మధ్యలో ఉయ్యాల వేస్తారా?"

"నేను గుడారాలు కుడతానే. సెలవులకి పిల్లల్ని తీసుకుని చెరువు దగ్గరికి పోయేవాళ్లు ఎంతమంది లేరు? షాపులో దొరికేవి రెండు వానలకే చిరుగుతాయి. నా చేతి కుట్టు లారీ మీద పదేళ్లు ఆగింది."

"ఆగింది లారీ మీద. మనిషి మీద ఆగాలి కదా." అక్క చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఒకటి కుట్టండి. శనివారం వేద్దాం. ఆదివారం పొద్దుటిదాకా అందులో తడవకుండా ఉంటే గోదాముకి రారని నేనే చెప్తాను. తడిశామా, సోమవారం మీరు కుర్చీ ఎక్కాలి. మళ్లీ ఆ మాట ఈ మాట వద్దు."

బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకునేటప్పుడు కూడా నడుస్తూనే ఉన్నాడు.

నాలుగు రోజుల్లో కుట్టాడు. అన్నం తింటూ కుట్టాడు, కుట్టుకుంటూ తిన్నాడు. శనివారం నన్నూ రమ్మన్నారు. గుడారాల్లో నా అనుభవం అలాంటిది మరి. ఒకసారి పెనుగాలికి లేచిపోతున్న గుడారం తాడుని పళ్లతో పట్టుకుని, మూడు పొలాలు దాటాక గాని కిందికి దించలేదు నేను. పళ్లన్నీ ఉన్నాయి, చూసుకోవచ్చు.

చెరువు ఒడ్డున గుడారాలు వేసుకునే మైదానం ఉంది. మా పక్కనే ఒక స్కూలు మాస్టారి కుటుంబం. ఆయన చిన్న సంచి విప్పి గుండ్రంగా ఉన్నదేదో విసిరాడు. అది గాల్లోనే గుడారమై కింద పడింది. మేము అప్పటికి నేల మీది రాళ్లు ఏరుతున్నాం.

"తలుపు నీళ్ల వైపు పెట్టు నాన్నా. పొద్దున లేవగానే చెరువు కనపడాలి," అంది నా మేనకోడలు. తొమ్మిదేళ్లది, ఊరికే కిచకిచలాడుతుందని పిచ్చుక అంటాం.

బావ తలుపు నీళ్ల వైపే పెట్టాడు. కింద పట్టా పరిచాం, కర్రలు నిలబెట్టాం, మేకులు దిగ్గొట్టాం, తాళ్లు బిగించాం. బావ చుట్టూ తిరిగాడు. ఈ తాడు వదులన్నాడు, ఆ మేకు వంకరన్నాడు. బిగించిన తాడు విప్పి మళ్లీ బిగించాడు.

"ఎక్కడ కొన్నారండీ?" మాస్టారు అడిగాడు.

"దొరకదండీ. ప్రపంచంలో ఇదొక్కటే ఉంది," అన్నాను నేను. అప్పటికి అది నిజమే.

మూడు గంటలకి కొండ వైపు నుంచి గాలి లేచింది, వెనకాలే వాన. ఏం గాలి అది. చెరువులో చేపలు అడుగున రాళ్లు పట్టుకుని కూర్చున్నాయి. మాస్టారి గుడారం వంగింది, లేచింది, మళ్లీ వంగింది. మాది నిటారుగా నిలబడింది. నేను మాస్టారి వైపు ఒక చూపు చూశాను. ఆ చూపు ఇంకా పూర్తికాకముందే లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇది లోపలా, బయటా?"

వెళ్లి చూస్తే అరచెయ్యి చాపుకుని కూర్చుంది. అతుకులోంచి నీళ్లు సన్నగా ఆ చేతిలో పడుతున్నాయి. అతుకు అంచు పైకి లేచి టపటపా కొట్టుకుంటోంది.

బావ పైకి చూశాడు, కొండ వైపు చూశాడు, నుదురు కొట్టుకున్నాడు. "తలుపు వైపు డ్రైవరు కూర్చుంటాడని కుట్టానే."

సంగతేమిటంటే, పట్టాలో ఒక ముక్క అంచుని ఇంకో ముక్క మీదికి ఎక్కించి కుడతారు. ఆ పై అంచు ఎప్పుడూ లారీ వెనక్కి తిరిగి ఉండాలి. లారీకి గాలి ముందు నుంచే వస్తుంది కాబట్టి అంచుని అణిచిపెడుతుంది. ఇరవై రెండేళ్లు చేతికి అదే అలవాటు. గుడారానికి తలుపు ఉంది కాబట్టి అదే ముందు అనుకుంది చెయ్యి. కానీ గుడారం ఎక్కడికీ పోదు. గాలికి దాని ముందేదో వెనకేదో తెలియదు.

"తిప్పేద్దాం," అన్నాను నేను.

మేకులు పీకాం. వానలోకి రానని అక్క లోపలే కర్ర పట్టుకుని నిలబడింది. పిచ్చుక రెండో కర్ర పట్టుకుంది. నేనూ బావా చెరో మూలా లాగుతుంటే, గుడారానికి కింద నాలుగు పాదాలు మొలిచి మైదానంలో గుండ్రంగా నడిచింది. మాస్టారి పిల్లలు తలలు బయటపెట్టి చూశారు.

తలుపు కొండ వైపుకి తిరిగాక నీళ్లు ఆగాయి. బావ మొహం విప్పారింది. పది నిమిషాలు. అంతలో గాలి చెరువు మీదికి వెళ్లి, అటు నుంచి తిరిగొచ్చింది. మళ్లీ మేకులు, మళ్లీ నడక. ఈసారి పక్క నుంచి వచ్చింది.

"ఇంకొక్కసారి తిప్పుదాంరా," అన్నాడు బావ.

"బావా, స్టీరింగు కూడా కుట్టి ఉండాల్సింది."

మూడోసారి తిప్పుతుండగా అతుకు బారెడు పొడవున విడిపోయింది. అక్క నెత్తిమీద ఒకేసారి బకెట్టు నీళ్లు పడ్డాయి. తను పైట పిండుకుంది. పిచ్చుక జుట్టు పిండింది. అప్పుడు అక్క బావని చూసి, కోపం లేకుండానే, "తడిశాం," అంది.

బావ మేకులు పీకేశాడు. గుడారం దించి, భుజాన వేసుకుని, మైదానం చివర రేకుల కప్పు కిందికి మోసుకుపోయాడు. పరిచాడు. బ్లేడుతో అతుకులన్నీ విప్పడం మొదలుపెట్టాడు. రెండు అంచుల్నీ ఒకదాన్నొకటి కొరికేలా లోపలికి మడిచి, పైన ఒక వరస, కింద ఒక వరస కుడుతున్నాడు. అలా కుడితే ఏ వైపూ ముందు కాదు, ఏ వైపూ వెనక కాదు. అక్క అడక్కుండానే ఎదురుగా కూర్చుని గుడ్డ బిగించి పట్టుకుంది.

గంట గడిచింది. రెండో గంటా గడిచింది. వాన తగ్గింది గాని గాలి తగ్గలేదు. నాకే కాళ్లు నిలవలేదు, కప్పు చుట్టూ తిరిగాను.

పిచ్చుక నా చెయ్యి లాగింది. "మావయ్యా, నాన్నకి ఒంట్లో బాలేదా? కదలట్లేదు."

చూశాను. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాలు ఊగడం లేదు. బొటనవేలు కూడా ఊగడం లేదు.

"కూర్చోవడం వచ్చన్నమాట," అంది అక్క. "పన్నెండేళ్లుగా నాకు చెప్పలేదు."

"కూర్చున్నానా?" అని బావ కిందికి చూసుకున్నాడు. వెంటనే లేవబోయాడు. అక్క మోకాలి మీద చెయ్యేసి నొక్కింది. "లేవకండి. ఇంకో అతుకు ఉంది."

దారం కొరికి, "తడిశాం కదా. సోమవారం వెళ్తాలే," అన్నాడు ఆయన.

"మీరెందుకు? నేను వెళ్తాను."

"నువ్వా?"

"వాళ్లకి కావలసింది రిజిస్టరు రాసే మనిషి. మీసం కాదు."

"ఎనిమిది గంటలు కూర్చోవాలే."

"మీ వెనకాల తిరిగి తిరిగి నా అరికాళ్లు అరిగిపోయాయి. ఎనిమిది గంటలు కూర్చోమంటే అది నాకు ఉద్యోగం కాదు, సెలవు. మీరు ఇంట్లో ఇవి కుట్టుకోండి. అమ్మేది మాత్రం మీ బావమరిదికి అప్పగించకండి, కొన్నవాళ్లు పోలీసుల్ని తీసుకొస్తారు."

నేను విననట్టు నిలబడ్డాను. ఆమె అక్కడే, తడిచేతులు తుడుచుకుని, మేనేజరుకి ఫోను చేసింది. అటు నుంచి ఏమన్నాడో వినపడలేదు గాని, "ఏం, ఆ కుర్చీ ఆడవాళ్లు కూర్చుంటే విరుగుతుందా?" అని ఇటు నుంచి అడగడం విన్నాను. తరవాత రెండుసార్లు సరేనండీ అంది.

బావ చివరి అతుకు కూడా ముగించి, దబ్బనం గుడ్డలో గుచ్చి లేచాడు. చీకటి పడకముందే వేసేద్దాం పదండి అంటూ, మేమింకా లేవకముందే, గుడారం సగం ఈడ్చుకుంటూ గాల్లోకి నడిచాడు.