జగిత్యాలలో తెగిపోయిన పాట

మొన్న ఆదివారం మా తమ్ముని బిడ్డ ఫోన్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, "అత్తా, మా రైలును ఎన్నడన్న ఇప్పి బాగుచేసిండ్రా?" అని అడిగింది. చిన్నప్పుడు ఆడుకున్న బొమ్మ రైలును పట్టాలతో సహా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిందట. కొందామనుకుంటున్న ఆసామి ఎవరో ఇంజను అడుగున ఉన్న అతుకును ఫొటోలో చూసి ఆరా తీశాడట. పెద్దసారు అతికించాడని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ పిల్లకు పెద్దసారు ఎవరో గుర్తు లేదు, చెప్పే ఓపిక నాకూ లేకపోయింది. ఈ మధ్య చాలా వాటికి ఓపిక ఉండడం లేదు. కానీ ఆ రోజు నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు కనుక, నా ఈడువారైన మీతోనైనా చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది కోరుట్ల. మా అమ్మానాయనలు ముత్యంపేట ఫ్యాక్టరీకి పోయే చెరుకును పరుల చేలల్లో కొట్టిన కూలీలు. గుంట భూమి లేని మాకు ఆదివారం చర్చి, అందులో పాట, ఇంతే సొంతమని చెప్పుకోదగ్గవి. ఆ పాట నేర్పినవాడు పెద్దసారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి, మా ఊళ్లోనే ఇల్లు కట్టుకుని, మా బడికి హెడ్మాస్టరై, రిటైరయ్యాక కూడా కదలకుండా ముప్పై ఏళ్లకు పైగా ఉండిపోయిన మనిషి. ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయనదే. నేను నాలుగు అక్షరాలు నేర్చి టీచరు ఉద్యోగం తెచ్చుకున్నానంటే, నలుగురిలో నిలబడి శ్రుతి తప్పకుండా పాడగలిగానంటే, రెండూ ఆయన చలవే.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో దుబాయిలో ఏసీ మెకానిక్కుగా ఉన్న మా తమ్ముడు పని పోయి తిరిగివచ్చాడు. బిడ్డకోసం తెచ్చినదే ఆ రైలు. అది దొరికిన వైనం వాడు ఎన్నిసార్లు చెప్పేవాడో లెక్క లేదు. అక్కడ పాత సామాన్ల ప్రకటన ఒకటి కంప్యూటర్లో చూసి, ఆ ఇంటికి పోయాడట. అమ్మేది బ్రిటన్‌లోని వేల్స్ దేశపు ముసలి ఇంజనీరు, స్వదేశానికి పోతూ తన రైళ్లన్నీ వదిలించుకుంటున్నాడు. ఆయన పట్టాలు విప్పి అట్టపెట్టెలో సర్దుతుంటే మావాడు అలవాటు కొద్దీ, ఎప్పుడో దొరలు తెచ్చిన రాగంలోని మన చర్చి పాట ఒకటి సన్నగా పాడుకున్నాడట. ముసలాయన చేతిలో పెట్టె కింద పెట్టి, అదే రాగాన్ని తన భాషలో కింది గొంతుతో అందుకున్నాడట. ఆ శుక్రవారం వాళ్లవాళ్లు కలుసుకునే ఇంటికి మావాణ్ణి కూడా తీసుకుపోయాడు. అక్కడ వేదిక లేదు, చప్పట్లు లేవు. వచ్చినవాళ్లంతా ఒకే పాటను నాలుగు గొంతులుగా పంచుకుని, ఒకరి మీద ఒకరు ఒరుగుతూ పాడతారట. వాళ్ల తాతలు బొగ్గుగనుల్లో పనిచేసి వచ్చి, చర్చిలో చేరి అట్లాగే పాడేవారట.

"అక్కా, ఆడ ఇనేటోడే లేడు. అందరు పాడెటోళ్లే," అనేవాడు మావాడు, ఇంకా ఆ ఇంట్లోనే కూర్చున్నట్టు.

ప్రయాణంలో దెబ్బ తిని రైలు కదలలేదు. కోరుట్లకు అసలు రైలే రాని కాలం, బొమ్మ రైలును బాగుచేసేవాడు ఎక్కడ దొరుకుతాడు? పెద్దసారే తన హార్మోనియం పనిముట్ల సంచి తెచ్చుకుని, ఆ వయసులో మా గచ్చు మీద బోర్లా పడుకుని, తెగిన తీగను అతికించాడు. రైలు గుండ్రంగా తిరుగుతుంటే చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆ పూటే తమ్ముడు తన మనసులోని మాట ఆయనకు చెప్పాడు. బస్టాండు దగ్గర దీక్షా శిబిరంలో ఒక్కరు పాడితే వందమంది చప్పట్లు కొడుతున్నారు, అట్లా కాక అందరం పాడితే ఎట్లా ఉంటుందని. సారు మరునాడే హార్మోనియం తీసుకుని శిబిరానికి వచ్చాడు.

ఇక ఆ పదిహేను రోజులు ఎట్లా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ నాకు మాటలు చాలవు. సమ్మెలో ఉన్న మా టీచర్లం, బీడీలు చేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు, మా దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే పసుపు రైతులు, అందరినీ సారు గొంతు చూసి విడదీసి కూర్చోబెట్టాడు. తమ్ముడు కట్టిన పాట ఒకటే, నాలుగు చరణాలు. వాడి బావమరిది సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు, తోటివాళ్లను పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మగ్గాల మోతలో బతికి బతికి వాళ్లకు వినికిడి సగం పోయింది, మామూలు మాట కూడా అరిచినట్టే ఉంటుంది. జనం నవ్వితే సారు మాత్రం వాళ్లను కింది గొంతుకు పెట్టి, తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వాళ్లు ఆయన పెదవుల కదలిక చూసి పాడేవారు. ఆ పదిమంది గొంతులు కింద నుంచి లేస్తే, పైన మా ఆడవాళ్ల గొంతులు వాటి మీద నిలబడేవి. ఎవరిది ఏ కులమో, ఎవరు చర్చికి పోతారో, ఎవరు వేములవాడ గుడికి పోతారో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

జగిత్యాలలో పెద్ద సభ పెట్టారు, మా పాటను అక్కడికి రమ్మన్నారు. బయల్దేరే ముందురోజు సాధన నడుస్తుండగా శిబిరం చూసుకునే మనిషి ఒకడు వచ్చి, హార్మోనియం ముందు నిలబడ్డాడు. అతను కూడా సారు దగ్గర చదువుకున్నవాడే.

"సారూ, ఏమనుకోకు. నువ్వు ఆ దిక్కోనివి. రేపు స్టేజి మీద నువ్వు పెట్టె వాయిస్తుంటె మేం తెలంగాణ పాట పాడుడు మంచిగుండది."

తమ్ముడు ఆ పూట సిరిసిల్లవాళ్లను తీసుకురావడానికి పోయాడు. ఉన్నవారిలో పెద్దదాన్ని నేనే. అందరూ నా వైపే చూశారు. నేను తల వంచుకుని చాప అంచు చూస్తూ కూర్చున్నాను. భయమని చెప్పలేను, భయం కాదనీ చెప్పలేను. ఊరి పెద్దల మధ్య మా ఇంటి మనిషికి కుర్చీ వేసి కూర్చోమన్నది ఆ శిబిరంలోనే మొదటిసారి. ఆ కుర్చీ పోతుందేమోనని నోరు లేవలేదు.

సారు హార్మోనియం మూసి గొళ్లెం పెట్టాడు. "మీరు కానివ్వండమ్మా, నాకూ నడుం నొప్పిగా ఉంది," అని నాతోనే చెప్పి, పెట్టె చంకన పెట్టుకుని ఎండలో నడుచుకుంటూ పోయాడు. దాన్ని మోసుకుపోవడానికి కూడా ఎవరూ లేవలేదు.

జగిత్యాలలో వేల జనం ముందు నిలబడ్డాము. శ్రుతి ఇచ్చేవాడు లేక మేము మరీ పై నుంచి ఎత్తుకున్నాము. రెండో చరణానికే ఆడవాళ్ల గొంతులు పగిలిపోయాయి. ఎదుట చూసుకోవడానికి సారు ముఖం లేక సిరిసిల్లవాళ్లు పాటలో ఎక్కడున్నారో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. మూడో చరణంలో పాట తెగింది. జనం మంచి మనసుతో చప్పట్లు కొట్టారు, అది ఇంకా సిగ్గు. తమ్ముడు మైకు అందుకుని, "మాకు సుతి ఇచ్చెటాయనను మేమే ఎల్లగొట్టుకున్నం. మా తప్పే," అన్నాడు. అంతలో ఎవరో మైకు లాక్కున్నారు. తిరుగు ప్రయాణంలో వాడు బస్సులో నాతో మాట్లాడలేదు. తరువాత కూడా చాలా రోజులు మాట్లాడలేదు.

రెండు వారాలకు ధైర్యం కూడదీసుకుని సారు ఇంటికి పోయాను. ఆయన కాఫీ ఇచ్చాడు, ఆరోగ్యం అడిగాడు, రైలు నడుస్తోందా అన్నాడు, నేను తెచ్చుకున్న మాటకు మాత్రం సందు ఇవ్వలేదు. లేచి వస్తుంటే ఆయన భార్య వంటింటి గడపలో నిలబడి, "నువ్వు కూడా అక్కడే ఉన్నావట కదమ్మా," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు.

మళ్లీ అందరం కలిసి పాడింది లేదు. రాష్ట్రం వచ్చిన రోజు వీధులన్నీ రంగులతో, డప్పులతో ఊగుతుంటే సారు మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మీ రాష్ట్రం మీకొచ్చిందమ్మా, సంతోషం," అన్నాడు. ఆ సంతోషంలో కల్తీ లేదు. ముప్పై ఏళ్లు మన బడి, మన ఊరు, మన పిల్లలు అన్న నోటితో ఆ రోజే మొదటిసారి మీ అన్నాడు. ఏడాది తిరగకముందే ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన కన్నుమూశాడన్న కబురు ఎవరి ద్వారానో తిరిగి తిరిగి నెలకు గాని నాకు చేరలేదు.

రాష్ట్రం కావాలనే కూర్చున్నాము, వచ్చింది, దానికి నాకు విచారం లేదు. కానీ అలసట ఉంది. తమ్ముడు మళ్లీ దుబాయి పోయాడు, ఫోన్‌లో వాడి గొంతు దగ్గుతో మొదలై దగ్గుతో ముగుస్తుంది. చర్చిలో ఇప్పుడు పెద్ద తెర పెట్టారు, పాట మాటలు దాని మీద వస్తాయి. కుర్రవాళ్లు కీబోర్డు, డ్రమ్ములు వాయిస్తారు, నలుగురు మైకులు పట్టుకుని చాలా చక్కగా పాడతారు, మిగిలినవాళ్లం పెదవులు కదుపుతాము. వాళ్లను తప్పుపట్టను, మాకంటే శ్రుతిలోనే ఉంటారు. అయితే ఆ మోతలో నా పక్కన కూర్చున్న మనిషి గొంతు నాకు వినబడి ఎన్నేళ్లయిందో. నేను పాడుతున్నానో ఊరుకున్నానో ఆమెకూ తెలియదు.