దుక్మ్ క్యాంపులో నా కొంగ విద్య

ఒంటికాలి మీద నిలబడి సాటి మనిషి ఉద్యోగం ఊడగొట్టిన ఘనుణ్ణి నేను. కొట్టలేదు, తిట్టలేదు, చాడీ చెప్పలేదు. రెండు చేతులూ చాపి కొంగలా నిలబడ్డాను, అంతే. నమ్మరు కదూ? చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒమన్ దేశంలోని దుక్మ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటూ సైట్‌లో ఇనుప కడ్డీలు కట్టేవాణ్ణి. డ్యూటీ దిగితే చాలు, ఫోన్‌లో చైనా కుంగ్‌ఫూ వీడియోలు. పులి పట్టు, పాము పట్టు, కొంగ పట్టు, కోతి పట్టు! అక్కడివాళ్లు జంతువులను చూసి పోట్లాట నేర్చుకున్నారట. అన్నీ చూసి నేను సగం వీరుణ్ణయిపోయాను. మిగిలిన సగానికి గురువు కావాలి.

ఆ గురువు మా సైట్‌లోనే దొరికాడు. పైపుల వెల్డింగ్ ఫోర్‌మన్ లిన్ చాచా. యాభై దాటిన చైనా మనిషి, మాట తక్కువ. ఇంకో ఐదు నెలలు నిచ్చెనలెక్కి దిగితే కాంట్రాక్టు పూర్తవుతుందని, తలెత్తుకుని ఇంటికి పోతానని, ఐదు వేళ్లు చూపించి అందరికీ చెప్పేవాడు.

ఒక పొద్దున డ్యూటీ బస్సు రాకముందు నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాను. లిన్ చాచా కుడికాలు పైకి మడిచి, చేతులు చాపి, ఎడమకాలి మీద నిలబడి ఉన్నాడు. కొంగ! తర్వాత నేల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ నేలకు ఆనించి, ముందు నడుము లేపి, ఆనక మనిషి లేచాడు. పులి! లేస్తూ లేస్తూ పళ్ల సందు నుంచి ‘స్స్’ అన్నాడు. అయ్యబాబోయ్, పాము కూడా! నాకు ఒళ్లు పులకరించిపోయింది.

వెళ్లి పక్కన నిలబడి నేనూ కాలెత్తాను. ఆయన నా ముఖం చూశాడు, నా మోకాలు చూశాడు. “ధీరే, ధీరే” అంటూ మెల్లగా దించమని జాలిగా చెయ్యి ఊపాడు. జేబులోంచి డబ్బా తీసి, ఘాటుగా ఉన్న తైలం నా మోకాలికి రాసుకోమన్నాడు. ఇంకేం, శిష్యుడిగా స్వీకరించినట్టే! ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరం ఆ ట్యాంకు వెనకాలే. రూమ్‌కు వచ్చాక ‘స్స్’ కోసం అద్దం ముందు వేరే సాధన.

నా అవస్థ చూసి రూమ్‌మేట్ గంగన్న ఆగలేకపోయాడు.

“ఏందిరా రాజేశం, గట్ల నిలవడ్డవ్? కాలుకు ముల్లు గుచ్చిందా?”

“కొంగ పట్టే. లిన్ చాచ నేర్పిండు.”

“నేర్పిండా? నోటితోని చెప్పిండా?”

“గురువులు నోటితోని చెప్తరా? మనమే సూసి నేర్సుకోవాలె.”

“గాయన మెట్లెక్కంగ గూడ గట్లనే స్స్ అంటడు గదరా?”

“అగో! సూసినవా గంగన్నా, ఒక్క నిమిషం గూడ సాధన ఇడువడు!”

నా తెలివికి దండం పెట్టి గంగన్న దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మా సైట్‌లో రోజూ పని మొదలయ్యే ముందు అందరినీ వరుసగా నిలబెట్టి ఐదు నిమిషాలు కసరత్తు చేయిస్తారు. ఒకరోజు సేఫ్టీ ఆఫీసర్ “ఆజ్ కౌన్ కరాయేగా?” అని, ఈరోజు చేయించేదెవరని అడగడమే ఆలస్యం, ముందుకు దూకాను. నా వెనక హెల్మెట్లు పెట్టుకున్న జనమంతా ఒంటికాలి మీద! తర్వాత పులిలా కూర్చుని లేవడం కూడా చేయించాను. చివరి వరుసలో లిన్ చాచా మాత్రం వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. ఎంత వినయమో అనుకున్నాను. గురువు పేరు చెప్పకపోతే నేనేం శిష్యుణ్ణి?

“యే లిన్ చాచా కా కుంగ్‌ఫూ హై! రోజ్ సుబహ్ కర్తా హై!” అని, ఇది ఆయన రోజూ పొద్దున్నే చేసే విద్యేనని గొంతు చించుకున్నాను.

ఎండదెబ్బ గురించి చెప్పడానికి ఆ రోజే క్లినిక్ నర్సు సునందక్క వచ్చింది. కడప ఆవిడ.

“ఇట్లా రాప్పా. ఆ కూచోని లేసేది ఇంగోసారి జెయ్యి.”

చేశాను, ‘స్స్’తో సహా.

“ఇది కుంగ్‌ఫూ కాదప్పా. మోకాలు చెడినోళ్లు ఇట్లనే లేస్తారు. మా నాయన ఇట్లనే లేస్తాండె.”

సేఫ్టీ ఆఫీసర్ లిన్ చాచాను పిలిచి కూర్చుని లేవమన్నాడు. ఆయన కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా అరచేతులు నేలకు ఆనించడానికి సిగ్గుపడి, అలాగే కూర్చుండిపోయాడు. వెళ్లి చెయ్యి పట్టి లేపింది నేనే. నా బతుకులో అంత బరువు ఎప్పుడూ ఎత్తలేదు.

ఎప్పుడో నిచ్చెన మీద నుంచి జారి కుడి మోకాలు దెబ్బతింటే, బయటపడితే పంపించేస్తారని దాచుకున్నాడట. కొంగలా నిలబడింది ఆ కాలి మీద బరువు పడకుండానట. మెడికల్ పరీక్షలో నిచ్చెనెక్కే పనికి పనికిరాడని రాశారు. ఐదు నెలలు మిగిలిందన్న కాంట్రాక్టు ఐదు రోజుల్లో ముగిసింది.

ఆయన బస్సెక్కే ముందు వెళ్లి “మాఫ్ కరో చాచా” అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన ఫోన్ తీసి తన భాషలో ఏదో చెప్పి, నా చెవి దగ్గర పెట్టాడు. ఫోన్ హిందీలో చదివిన మాటలివి: “నీకూ నాలాగే మోకాలి నొప్పి ఉందని మొదటి రోజే తెలిసింది. అందుకే నీ ఒక్కడి ముందు దాచుకోలేదు. నాలాగా ఆలస్యం చేయకు, నువ్వూ చూపించుకో.”

నా మోకాళ్లు రాయిలా ఉన్నాయని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? తలూపి వెనక్కి తిరిగాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. బస్సు కనుమరుగయ్యే దాకా కుంటుకుంటూ నడిచాను.

కాబట్టి పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఒంటికాలి మీద ఎవరు కనిపించినా, ముందు “నొప్పా?” అని అడుగుతాను. అది నిజంగా కొంగే అయినా సరే, అడిగే తీరతాను.