మూలకి కాస్త లోపల

వేడి కుండ మీద పిండిగుడ్డ పడగానే లేచే ఆవిరికి పచ్చిబియ్యం వాసన ఉంటుంది. పొద్దున్నే ఆ వాసన తగిలితే నాకు పూతరేకులు గుర్తు రావు, అవి రోజూ చేయించేవే. సుగుణ మేడం చేతిలోని చీపురుపుల్ల గుర్తొస్తుంది.

ఆవిడ తణుకులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి వెళ్ళడం తప్ప వేరే వ్యాపకం లేక, ఇంటి వెనక షెడ్డులో పూతరేకుల పని పెట్టారు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయిన నేను అక్కడ రేకులు చుట్టడానికి చేరాను. ఆవిడకి చాదస్తం ఎక్కువ. నెయ్యి గిన్నె తిన్నగా పెట్టకపోయినా పాఠం చెప్పేవారు.

ఒకసారి పెళ్ళిళ్ళ రోజులకి ముందు గ్రాఫ్ కాగితం తెచ్చి నా ముందు పరిచారు. అడ్డంగా పంచదార రేకులు, నిలువుగా జీడిపప్పు బెల్లం రేకులు. కుండల మీద రోజుకి ఎన్ని పొరలు దిగుతాయో దానికొక గీత, చుట్టేవాళ్ళకి రోజులో ఉన్న గంటలకి ఇంకో గీత. రెండు గీతలకీ లోపలున్నదే మేం చేయగలిగింది. లాభానికి చీపురుపుల్ల: అది ఎంత బయటికి జరిగితే లాభం అంత ఎక్కువ. దాన్ని వాలు మారకుండా బయటికి జరుపుకుంటూ వెళ్ళమన్నారు. గీతలు రెండూ కలిసిన మూల దగ్గర పుల్ల చివరిసారిగా తగిలింది. క్లాసులో ఎక్కనిది అప్పుడు అర్థమై, నా మీద నాకే ముచ్చటేసింది.

"ఇక్కడేనండి ఎక్కువ లాభం," అన్నాను.

"అక్కడే," అని ఆవిడ పెన్సిల్ తీసుకుని, మూలకి కాస్త లోపల చుక్క పెట్టారు. "మనం ఇక్కడుందాం."

"లాభం తగ్గిపోద్ది కదండి?"

"తగ్గుతుందమ్మా."

"మరెందుకండి?"

"ఈ గీత మీ గంటలు. మీలో ఒక్కరు రాకపోయినా గీత లోపలికొచ్చేస్తుంది. అప్పుడా మూల మనకి అందదు."

నాకు ఒళ్ళు మండింది. లాభాన్నిబట్టే మాకు బోనస్ ఇచ్చేవారు. మా అమ్మ మందులకి నేను దాని మీదే ఆశ పెట్టుకున్నాను. ఆ వారమే పెనుగొండ నుంచి వచ్చిన పెద్ద పెళ్ళి ఆర్డరుని ఆవిడ "మా వల్ల కాదండి" అని తిప్పి పంపేస్తుంటే, నెయ్యి చేతులతో నిలబడి చూశాను. తలుచుకుంటే చేసేవాళ్ళమే. రెండు రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

పెళ్ళిళ్ళు ఊపందుకున్నాక అమ్మని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారని ఫోనొచ్చింది. ఇంత పని మధ్యలో సెలవెలా అడగాలా అని గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఏంటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావ్?" అన్నారు మేడం. "బస్సుకెళ్ళు."

"ఆర్డర్లున్నాయి కదండి..."

"ఆ చుక్క అక్కడెందుకు పెట్టాననుకున్నావ్? వెళ్ళిరా."

అమ్మ పక్కనే కూర్చున్నాను. ఆఖరి రోజు పొద్దున్న జడ వేయమంది. తొందరేమీ లేకుండా, చిక్కులన్నీ తీసి వేశాను.

కర్మలయ్యాక తిరిగి వెళ్తే ఆర్డర్లన్నీ టైముకే వెళ్ళిపోయి ఉన్నాయి. నా వంతు చుట్టడానికి ఎవరూ రాత్రిళ్ళు కూర్చోవలసి రాలేదట. బోనస్ కూడా ఇచ్చారు, కొంచెమే. దాంతో కొనాల్సిన మందులు లేవు.

మేడం పోయి చాలా కాలమైంది. ఇప్పుడు కుండలూ నావే, గీతలూ నావే. లెక్క కంప్యూటర్లో మా అమ్మాయి చేస్తుంది. మూల దగ్గరి అంకె చూపించి, "ఇక్కడి దాకా వెళ్దామమ్మా, ఊరికే వదులుకోవడం దేనికి?" అంటుంది. దాని లెక్కలో తప్పేమీ ఉండదు. నేను కాస్త తగ్గించి రాయమంటాను. ఎందుకని అడిగిన ప్రతిసారీ, మా అమ్మకి జడ వేసిన పొద్దుటి గురించి చెబుతాను.