ఐదో రోజు లేని ఇల్లు

పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్నాబాద్ పల్లంలో ఉన్న మా ఇంట్లో మా అమ్మ దయావతి కేకేస్తే ఎగువ రోడ్డు మీద బస్సు ఆగేది. మాలో ఎవరికో ఆలస్యమైందని డ్రైవరు అర్థం చేసుకునేవాడు. ఎనభై దాటాక కూడా ఆమె గొంతు తగ్గలేదు. మనవళ్ల పెళ్లిళ్లు, కోడళ్ల ప్రయాణాలు, ఏ కోడి గుడ్డు పెట్టాలో ఏది కూరలోకి వెళ్లాలో, అన్నీ ఆ గొంతే తేల్చేది. అంతటి గొంతు ఒకసారి మూగబోయింది. మా నాన్న ఉద్యోగం ముగించుకుని ఇంటికి వచ్చేసిన ఏడాది అది.

నాన్న పేరు జీవానందం. పటాలంలో హవల్దారు. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు క్వార్టర్లు కట్టడానికి భీమిలి వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చిన తాపీమేస్త్రీ మా తాత. అమ్మ పెళ్లికూతురిగా ఓడ దిగింది. వారం తిరక్కుండానే నాన్న ఓడెక్కి సరిహద్దుకు వెళ్లిపోయాడు.

ఏటా ఆయనకు రెండు నెలల ఛుట్టీ, అంటే సెలవు, దొరికేది. రైళ్లు మారి మద్రాసు చేరేసరికి అందులో కొంత పోయేది. అక్కడ ఓడ కోసం పడిగాపుల్లో చాలా భాగం, సముద్రం మీద ఇంకొంత. తీరా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగితే, తిరిగి అదే ఓడ ఎక్కకపోతే సెలవు మీరిపోతుంది. ఓడ సరుకు దించి, కలప ఎక్కించుకోవడానికి నాలుగు రోజులు పట్టేది. మా నాన్నకు సంసారం ఆ నాలుగు రోజులే.

అందుకని అమ్మ ఏడాదినంతా ఆ నాలుగు రోజుల్లోకి కుక్కింది. మొదటి రోజు క్రిస్మస్. అది మే నెల కావచ్చు, ఆగస్టు కావచ్చు. ఇంటి మీద నక్షత్రం వెలిగేది. పాస్టరు ఏలీయా అయ్యగారు మొదటి ఏడు ఒప్పుకోలేదు. రెండో ఏడు కోడిపులావు వాసన ఆయన ఇంటిదాకా వెళ్లాక వచ్చి ప్రార్థన చేశారు. రెండో రోజు అందరి పుట్టినరోజులు. మూడో రోజు శిక్షలు. ఏడాది పొడుగునా మేం చేసిన నేరాలను అమ్మ బుర్రలో దాచుకుని, ఆ రోజు నాన్నకు ఒప్పజెప్పేది. నాన్న కుర్చీలో కూర్చుని విచారించేవాడు.

"వీడేనా దేవప్రసాద్?"

"కాదండి, వీడు చిన్నోడు. పెద్దోడు ఆ తలుపెనకాల ఉన్నాడండి."

"ఏం చేశాడు?"

"చర్చి గంట తాడు కోసి మేక్కి కట్టేశాడండి. పోయిన వర్షాల్లో."

దేవప్రసాద్‌కు తానే చేశాడో, అక్క సారా చేసిందో కూడా గుర్తుండేది కాదు. నాన్నకు కొట్టడం ఇష్టం లేదు. అయినా అది తన డ్యూటీ కనుక అరచేతి మీద ఒక్కటి వేసి, తరవాత ఆ చేతిలోనే బిస్కట్లు పెట్టేవాడు. నాలుగో రోజు బంధువుల ఇళ్లు. సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని హడ్డో జెట్టీకి వెళ్లి ఆయన్ని సాగనంపేవాళ్లం.

ఆ నాలుగు రోజులూ అమ్మ వేరే మనిషి. తల మీద కొంగు, మాట చివర 'అండి', నాన్నకు పింగాణీ పళ్లెం. చుట్టం ముందు ఇంటివాళ్లను కేకలేయకూడదు కదా. నాలుగు రోజులే కనుక గొంతు బిగపట్టుకునేది. ఓడ ఖాడీ నీళ్లు దాటి సముద్రంలో పడగానే జెట్టీ మీదే ఒక్కసారిగా మా అందరినీ తిట్టేసేది.

పందొమ్మిది వందల డెబ్బైలలో నాన్న పింఛను పుచ్చుకుని ఇనప్పెట్టెతో దిగాడు. క్రిస్మస్ అయింది. పుట్టినరోజులయ్యాయి. శిక్షలయ్యాయి. బంధువులను చూసొచ్చాం. ఓడ కూసింది, వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే నాన్న ఇంకా ఉన్నాడు.

ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మా ఇంట్లో ఐదో రోజు లేదు. అమ్మ మళ్లీ కొంగు కప్పుకుని పింగాణీ పళ్లెం తీసింది. అలా నెల గడిచింది, రెండో నెల వచ్చింది. అమ్మ గొంతు లేకపోయేసరికి బస్సులు ఆగకుండా పోయాయి, దేవప్రసాద్ బడి మానేశాడు, కోళ్లు మంచం మీద గుడ్లు పెట్టాయి. అమ్మ చిక్కిపోయింది. నాన్న కూడా సుఖంగా లేడు. వంటింటి గడప దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా?" అని అడిగేవాడు. వీధిలో జీపు చప్పుడైతే, సెలవు మీరినవాణ్ణి పట్టుకుపోవడానికి వచ్చారేమోనని లేచి నిలబడేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ పాస్టరుగారి దగ్గర ఆగింది.

"అయ్యగారూ, ఆయన ఎల్లడం లేదండి."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికైనా."

"సంతోషించాలి గదమ్మా, నీ మగడు ఇంటికొచ్చాడు!"

"సంతోషంగానే ఉన్నాదండి. పొద్దున్నుంచి రాత్రిదాకా సంతోషంగానే ఉండాల్సొస్తంది. పిల్లల్ని తిట్టుకోడానికి ఖాళీ ఉండట్లేదు."

వెనక నిలబడ్డ నాన్న ఈ మాట విన్నాడు. తరవాతి ఓడ వెళ్లేనాడు గడ్డం గీసుకుని, పెట్టె సర్దుకుని, "వెళ్లొస్తాను" అన్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. తెల్లబట్టలు వేసుకుని జెట్టీకి సాగనంపాం. ఓడ కదిలాక ఆయన పెట్టె భుజాన పెట్టుకుని ఊళ్లోనే ఉన్న డెలానీపూర్ మెట్ట ఎక్కి, పటాలంలో తనతో పనిచేసిన యర్రయ్య గదిలో దిగాడు. ఇంటికొస్తూనే అమ్మ కోళ్లను, మమ్మల్ని, పక్కింటివాళ్లను కలిపి తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

తరవాతి ఓడ వచ్చిననాడు నాన్న పెట్టెతో జెట్టీలోకి వెళ్లి, దిగేవాళ్లలో కలిసి బయటికి వచ్చాడు. మేం ఎదురెళ్లాం. క్రిస్మస్ జరిగింది. ఆ ఓడతోనే మళ్లీ వెళ్లాడు. ఇది రివాజైపోయింది. ఏలీయా అయ్యగారు ఒకే ఏడాదిలో మా ఇంట్లో ఇన్నిసార్లు ప్రభువు జననం గురించి చెప్పాల్సొచ్చి, చివరికి ఈస్టరు వాక్యం కూడా కలిపేశారు.

జంగ్లీఘాట్‌లో చేపలమ్మే గురువమ్మ నాన్నకు రోజూ చేపలు వేసేది. ఐనా అమ్మను చూస్తే, "ఫౌజీ దీదీ, మీ ఆయన ఛుట్టీ ఎప్పుడు?" అని అడిగేది.

"వచ్చే ఓడకే."

ఒకసారి ఆ గంప దగ్గరే నాన్న చూర మీను బేరమాడుతూ కనబడ్డాడు. నేను "నాన్నా!" అనబోతే అమ్మ నా మెడ పక్కకు తిప్పింది. "అటు సూడకు. ఆయన సరిహద్దులో ఉన్నారు."

ఒక వర్షాకాలంలో ఓడ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. కూత వినగానే తెల్లబట్టలు తొడుక్కుని పరుగెత్తాం. జనం దిగారు, బస్తాలు దిగాయి. నాన్న రాలేదు. అమ్మ ఖలాసీని అడిగింది. "కోయీ నహీ దీదీ, ఓడంతా ఖాళీ" అన్నాడతను. అమ్మ ముఖం పాలిపోయింది. యుద్ధం జరిగిన ఏళ్లలో కూడా ఆమెకు తెలిసిన రుజువు ఒక్కటే. నాన్న ఓడ నిచ్చెన దిగాడంటే బతికున్నట్టు.

అమ్మ వానలోనే డెలానీపూర్ ఎక్కింది. మేం వెనక పరుగెత్తాం. యర్రయ్య వరండాలో నాన్న లుంగీ కట్టుకుని, మాసిన గడ్డంతో క్యారమ్స్ ఆడుతున్నాడు.

"ఏటయ్యా!" అంది అమ్మ. ఆ వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. "ఓడొచ్చి ఆఖరి బస్తా కూడా దిగింది. నువ్వు దిగలేదు! బుద్ధున్నాదా నీకు?"

'నువ్వు' అనడం అదే మొదలు. నాన్న స్ట్రైకర్ చేతిలో ఉండగానే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"భాభీ, బైఠో, సల్లబడండి," అన్నాడు యర్రయ్య.

"నువ్వు నోర్ముయ్. నీ సంగతి తరవాత సెప్తాను."

"రేపనుకున్నాను దయావతీ," అన్నాడు నాన్న. "ఐనా నేనిక్కడే ఉన్నాగా."

"నాకెలా తెలుస్తాది? నువ్వు సరిహద్దులో గదా ఉన్నావు!" అని, అమ్మ ఆ వాన నీళ్లలోనే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నాన్న ఏం చేయాలో తోచక తన చొక్కా తెచ్చి ఆమె తల తుడిచాడు. "సరిగ్గా తుడువ్," అంది అమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో క్రిస్మస్ జరగలేదు. నాన్నతో కలిసి అందరం చేపల పులుసు తిన్నాం.

నాలుగు రోజులయ్యాక ఓడ బయల్దేరుతూ కూసింది. నాన్న లేచి చొక్కా తొడుక్కోబోయాడు.

"ఎక్కడికీ?"

"కూసింది కదా."

"కూస్తే కూయనీ. దానికి పనేటున్నాది. కూకుని ఆ కొబ్బరికాయ కోరు."

నాన్న కూర్చున్నాడు. తుపాకీ పట్టిన చేతులతో పెంకు నలుపంతా కలిపి కోరాడు. అమ్మ వచ్చి చూసి, కళ్లున్నాయా, ఇంతకాలం పటాలంలో ఏం నేర్పారు, ఈ మొద్దుతో నేనెలా వేగాలి అని, రోడ్డు మీదికి వినిపించేలా మొదలుపెట్టింది. నాన్న కోరడం ఆపి, నా వైపు వంగి గుసగుసగా అన్నాడు:

"విన్నావురా? నన్నే!"