మిషన్ నడుస్తుందా, లేదా

ఫోన్లలో వచ్చే ఫీచర్లు మనుషులకు పనికొచ్చేలా ఎలా ఉండాలో ఆలోచించి తయారుచేయించడం నా ఉద్యోగం. మాది గిద్దలూరు కావడంతో, మార్కాపురంలో ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రం పని వచ్చినప్పుడు కంపెనీవాళ్లు నన్నే పంపారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో నోటితో అడిగితే ఏఐ తెలుగులో జవాబు చెబుతుంది. మేం చేసింది అది. హైదరాబాదులో డెమో చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు.

కేంద్రం వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లు దాన్ని ఎలా వాడుతున్నారో చూడాలి. ఇలాంటి వరండాల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. జనం మొహమాటానికి ఫోన్ అందుకుంటారు, బాగుందంటారు, ఇంటికి పోయాక మళ్లీ తెరవరు.

ఆ రోజు నా పక్కన పుల్లలచెరువు దగ్గర పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయనకు రోజు విడిచి రోజు డయాలసిస్. ఆమె కూలికి పోతుంది, ఆయన్ను తీసుకొచ్చిన రోజు కూలి లేదు. తెల్లవారకముందే ఆటో ఎక్కి, తర్వాత బస్సు పట్టుకుని వచ్చారట. ఆయన పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

ఫోన్ ఆయన చేతికిచ్చి ఏదైనా అడగమన్నాను.

"ఈరోజు మిషన్ నడుస్తుందా?" అని అడిగాడు.

డయాలసిస్ వివరాల కోసం వైద్యుణ్ణి సంప్రదించమని ఫోన్ మర్యాదగా చెప్పింది. ఆయన ఇంకాస్త గట్టిగా అడిగాడు. అదే జవాబు వచ్చింది.

"తిండి సంగతి అడుగు పెదనాయనా," అన్నాను.

భార్య అందుకుంది. "తిండిదేముంది పాపా. ఉప్పు తగ్గించమంటారు, నీళ్లు తగ్గించమంటారు. తెలిసిందే గదా. మిషన్ సంగతి చెప్పమను. పోయిన వారం ఇట్లనే వచ్చినాం. నీళ్లు శుద్ధి చేసేది చెడిపోయిందన్నారు. సాయంత్రం దాకా కూర్చొని ఎనక్కి పోయినాం."

ఆ రోజూ అంతే అయింది. మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చి, మెకానిక్ ఇంకా రాలేదనీ ఇవాళ కుదరదనీ చెప్పింది. ఎవరూ గొడవ పెట్టుకోలేదు. భార్య ఆయన చంక కింద చెయ్యేసి లేపి, బస్టాండు వైపు నడిపించుకుంటూ పోయింది.

సాయంత్రం మా మేనేజరుకు ఫోన్‌లో ఇదంతా చెప్పి, మిషన్ నడిచేదీ లేనిదీ జనానికి ముందురోజే తెలిసేలా చేద్దామన్నాను. "మీరు చెప్పేది ఏఐ కాదండీ, నోటీసు బోర్డు," అన్నాడు. తర్వాతి వారం మళ్లీ చెప్పాను, ఆ తర్వాతా చెప్పాను. చివరికి ఆయనే విసిగిపోయి, "చేసి చూడండి. తిండి ఫీచర్ మాత్రం తీసెయ్యకండి," అన్నాడు.

నర్సుకు టైపు చేసే తీరిక లేదు. అందుకని సాయంత్రం ఇంటికి పోయేముందు ఆమె ఫోన్‌లో ఒక మాట చెబితే చాలు అనుకున్నాం. ఆ మాట ఎవరెవరికి చేరాలో ఏఐ తేల్చుకుని వాళ్లకు ఫోన్ చేస్తుంది. మొదట్లో తియ్యటి గొంతు ఒకటి నమస్కారంతో మొదలుపెట్టేది. చాలామంది ఏదో కంపెనీ ప్రకటన అనుకుని పెట్టేశారు. ఆ గొంతు తీసేసి, నర్సు మాటనే ఉన్నదున్నట్టు వినిపించాం. "రేపు మిషన్లు నడవవు, రావద్దు." అప్పుడు విన్నారు.

కొన్ని నెలలకు మళ్లీ వెళ్లినప్పుడు ఆ దంపతులు వరండాలో కనిపించారు. ఆయన బాగా చిక్కిపోయాడు. ఫోన్లు వస్తున్నాయా అని ఆమెను అడిగాను.

"వస్తుండాయి పాపా. మొన్న వద్దన్నారు, రాలేదు. బస్సు ఎక్కించి దించే బాధ తప్పింది. వద్దన్నారు, సరే. ఈయనకు ఆయాసం ఎక్కువైంది. మరి యాడికి పోవాలో గూడా చెప్తారేమోనని ఫోన్ పట్టుకొని కూర్చున్నా."

లోపలికి వెళ్లి నర్సును అడిగాను. "ఒంగోలు పోవచ్చక్కా, అక్కడ ఖాళీ ఉంటే. ఆ ఖాళీ కనుక్కునేదానికి నాకు టైమేది?" అంది, నిలబడే టీ తాగుతూ.

ఒంగోలులో ఇంకో కేంద్రం వాళ్లను ఒప్పించడానికి చాలా తిరగాల్సి వచ్చింది. చివరికి వాళ్లూ సాయంత్రం పూట ఖాళీలు చెప్పడానికి ఒప్పుకున్నారు. రావద్దని చెప్పే ఫోన్‌లోనే ఎక్కడికి పోవచ్చో కూడా వినిపించడం మొదలైంది. పెదనాయన ఒక్కసారి అట్లా ఒంగోలు పోయి వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు చనిపోయాడు.

ఆయన పోయాక కూడా ఆ నంబరుకు మా ఫోన్లు వెళుతూనే ఉన్నాయని నర్సు చెబితే తెలిసింది. చనిపోయినవాళ్ల నంబరు ఎలా తీసేయాలో మాలో ఎవరికీ తట్టలేదు. ఆయన భార్యకు నేనే ఫోన్ చేసి, ఇకమీదట రాకుండా చేస్తానన్నాను.

"తీసెయ్యొద్దులే పాపా," అంది. "మా పక్కింటాయన గూడా ఇప్పుడు ఆ మిషన్ కాడికే పోతుండాడు. ఆయనకు ఫోన్ లేదు. నేను ఇని చెప్తుండా."

నంబరును అలాగే ఉంచాం. పేరు మాత్రం ఆ పక్కింటాయనదిగా మార్చాం.