అన్నానికీ సైరన్‌కూ నడుమ గీత

నిన్న అమీన్‌పూర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, రెండో తరగతి చదివే మనవరాలు బడిలో చేసిన కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నడుమ సున్నాలో 'అన్నం' అనే మాట, చుట్టూ దానితో సంబంధమున్న మాటలు, ఒక్కోదానికీ ఒక గీత. కూర, పళ్లెం సరే, 'ఫోను' అని కూడా రాసింది. ఫోను చూపిస్తే గానీ ఆమెకు ముద్ద దిగదు కనుక అదీ న్యాయమే. వాళ్ల టీచరు దానికి నక్షత్రం కూడా వేసింది. ఇంట్లో అందరూ మురిసిపోయారు గానీ నాకు మాత్రం పాత పగ గుర్తొచ్చింది. ఇదే ఆటలో, ఇదే మాట దగ్గర, మూడో తరగతిలో నాకు అన్యాయం జరిగింది మరి.

అప్పుడు మేము పటాన్‌చెరులో, నాన్న పనిచేసే ఫ్యాక్టరీ గోడ పక్క వీధిలో ఉండేవాళ్లం. మా టీచరమ్మ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. బోర్డు నడుమ ఒక మాట రాసి, దానికి చుట్టమయ్యే మాట చెప్పినవాళ్ల చేతికి చాక్‌పీసు ఇచ్చి గీత గీయించేది. ఆ చాక్‌పీసు కోసం ప్రాణాలు పెట్టేవాళ్లం. ఆ రోజు 'అన్నం' వచ్చింది. మా వెనకింటి పిల్ల పప్పు అంది, చాక్‌పీసు దొరికింది. నేను లేచి సైరన్ అన్నాను. మా ఇంట్లో గడియారం లేదు. పన్నెండుకు ఫ్యాక్టరీ సైరన్ కూస్తేనే అమ్మ పళ్లేలు పరిచేది, నాన్న గేటు దాటి వచ్చేవాడు.

"సైరన్‌కు, అన్నానికి ఏం సంబంధంరా? కూసో," అంది టీచరమ్మ.

క్లాసంతా నవ్వింది, పప్పు చెప్పిన పిల్ల అందరికన్నా ఎక్కువ. నేను కూర్చోలేదు. లెక్కలు మొదలైనా నిలబడే ఉన్నాను. పన్నెండుకు సైరన్ కూసింది. క్లాసులో చేతులన్నీ ఒక్కసారే సంచుల్లోకి పోయాయి. టీచరమ్మ చెయ్యి కూడా చాక్‌పీసు వదిలేసి టిఫిన్ డబ్బా మూత మీదికి పోయి, అక్కడ ఆగింది.

"ఇగ చాక్‌పీసు ఇయ్యుండ్రి టీచర్," అన్నాను.

ముందు తినమంది. తిన్నాక బోర్డు తుడిపించేసింది, అదీ ఆ పప్పు పిల్లతో. చాలా ఏళ్లకు టీచరమ్మ రిటైరైన రోజు దండ వేయడానికి వెళ్లి కూడా ఆ సంగతి ఎత్తాను. ఆమె నవ్వి, కుర్చీ చూపించి, "ఇంక నిలవడే ఉన్నవారా?" అంది. గీత సంగతి మాత్రం తేల్చలేదు.

అందుకే నిన్న మనవరాలి పెన్సిల్ తీసుకుని, ఆ నక్షత్రం పక్కనే 'సైరన్' అని రాసి, అన్నం దాకా గీత గీశాను. అది కాస్త వంకరగా వచ్చింది. పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సైరన్ అంబులెన్స్‌కు ఉంటది కదా తాతా, అన్నానికేం సంబంధం?"

టీచరమ్మకైతే పన్నెండు దాకా నిలబడి చూపించాను. ఈ పిల్లకు చూపిద్దామంటే ఆ ఫ్యాక్టరీ మూతపడి, గోడ కూలి, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. గడియారం వైపు చూశాను. పన్నెండు దాటి అయిదు నిమిషాలైంది. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు, వంటింట్లో ఎవరూ కదల్లేదు.