ఇంటి మాటకు దూరపు చుట్టాలు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా నేను మా ఇంటి మాట మాట్లాడటం మానేశాను.

మాది పెదబయలు అవతల కొండవార చిన్న ఊరు. ఇంట్లో మేము మాట్లాడుకునేది కొండ ఒడియా. హాస్టల్లో ఉండి చదువుకోమని నాన్న పెదబయలు బడిలో వేశాడు. చేరిన కొత్తలో పంతులుగారు అంకెలు చెప్పమంటే మా ఇంటి మాటలో నాకు వచ్చినవే గడగడా చెప్పాను. గదంతా నవ్వింది. పక్కన కూర్చున్న షావుకారు గారి అమ్మాయి నా వైపు తిరిగి, "ఏటే గుంటా, అంకెలు సెప్పమంటే కప్పలాగ అరుత్తన్నావు?" అంది. ఆ పిల్లకు పెద్ద దురుద్దేశం ఉందని ఇప్పుడు నేననుకోను. కానీ ఆ రోజు నాకు చెవులు కాలిపోయాయి. అప్పట్నుంచి నోరు తెరిస్తే తెలుగే. సెలవులకు ఇంటికి వచ్చినా తెలుగే. మా నాన్నమ్మకు సంతలో ఉప్పూ చేపలూ కొనడానికి సరిపడా తెలుగు తప్ప రాదు. ఆమె ఏదో అడిగేది, నేను తెలుగులో బదులిచ్చేదాన్ని, ఆమె కాసేపు నా మొహం చూసి పొయ్యి వైపు తిరిగేది.

అలాగని బడికి తిరిగి వెళ్లాలనీ లేదు. ఇంట్లో కూర్చుంటే బయటికి పోవాలనిపించేది, బయటికి పోతే ఇంట్లోకి రావాలనిపించేది. వానేమో విడవడం లేదు. నాన్న సీలేరులో ప్రాజెక్టు పనికి వెళ్లి ఉన్నాడు. సెలవులు అయిపోయినా నేను కదలకపోతే అమ్మ రెండుసార్లు నా పెట్టె సర్దింది, నేను రెండుసార్లూ విప్పేశాను.

ఆ రోజుల్లోనే మా వసారాలోకి ఇంగువ సాయిబు వచ్చిపడ్డాడు. ఏటా ఇంగువా, రగ్గులూ మోసుకుని కొండలన్నీ తిరిగే భారీ మనిషి. ఎక్కడో ఆఫ్ఘన్ కొండల నుంచి వచ్చాడని చెప్పుకునేవారు. హిందీ, తెలుగు కలగలిపి గట్టిగా మాట్లాడేవాడు. మా ఊరొస్తే మా వసారాలోనే పడుకునేవాడు. ఆ ఏడు మాత్రం వణుకుతూ వచ్చి, మూట కూడా దించకుండా మంచం మీద కూలబడ్డాడు. చలిజ్వరం. మధ్యాహ్నానికి ఒళ్లు నిప్పులా కాలిపోతోంది. తెలుగూ హిందీ రెండూ మర్చిపోయాడు. కళ్లు మూసుకుని గొంతులోంచి ఏదో మాట, మాకెవరికీ తెలియని మాట, ఆపకుండా మాట్లాడుతున్నాడు.

పక్కింటి మామ వచ్చి గుమ్మంలో నిలబడి అమ్మతో అన్నాడు. "ఊరు కాని ఊరోడు. మీ ఇంట్లో ఏటైనా అయితే రేపు ఎవులికి సెప్పుకుంటావు? బేగి సంత పాకలోకి మోయించెయ్."

అమ్మ నన్ను పిలిచి నర్సమ్మను తీసుకురమ్మంది.

నర్సమ్మ జర్మనీ నుంచి వచ్చిన తెల్లావిడ. దూరాన మిషను ఆసుపత్రిలో పనిచేసేది. సంతకు మందులివ్వడానికి జీపులో వచ్చి, వెనక ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడటంతో మా ఊళ్లోనే చిక్కుబడిపోయింది. చర్చి వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఉంటే వెళ్లి పిలిచాను. నాకంటే ఆవిడే ముందు పరిగెత్తింది.

ఆవిడ మందుల పెట్టె తెరిచి ఆగిపోయింది. సాయిబు జేబులోంచి చలిజ్వరానికి మింగే చేదుమాత్రల పొట్లం ఒకటి కింద పడి ఉంది. ఎక్కడో కొట్లో కొనుక్కుని అప్పటికే మింగుతున్నాడన్నమాట. ఎన్ని మింగాడో తెలియకుండా ఇంకో మోతాదు ఇస్తే గుండె ఆగిపోవచ్చని, ఇవ్వకపోతే జ్వరం చంపేస్తుందని ఆవిడ తన పుస్తకాల తెలుగులో అమ్మకు చెప్పింది. సాయిబు చెవి దగ్గర వంగి తెలుగులో అడిగింది. హిందీలో అడిగింది. లాభం లేదు. చివరికి విసుగో, భయమో, తన సొంత భాషలోకి జారిపోయింది. మాత్ర ఒకటి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఐన్స్, త్స్వై, ద్రై..."

సాయిబు గొణుగుడు ఆగింది. అతని వేళ్లు ఆవిడ చేతిని పట్టుకున్నాయి. "యవ్, ద్వ, ద్రె," అన్నాడు. మళ్లీ "ద్రె" అని ఆగిపోయాడు.

నర్సమ్మ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అతను మళ్లీ అక్కడే ఆగాడు. మంచం కోడు పట్టుకుని నిలబడ్డ నా నోట్లోంచి, నేను అనుకోకుండానే, "ఏక్, దుయి, తిని" అని వచ్చేసింది.

నర్సమ్మ గిరుక్కున నా వైపు తిరిగింది. మూడు వేళ్లు చూపించి, ఇదేనా అన్నట్టు చూసింది. నేను తలూపాను. పొయ్యి దగ్గర నుంచి నాన్నమ్మ లేచి వచ్చి నా వెనక నిలబడటం నాకు తెలుస్తూనే ఉంది. మింగినవి మూడేనన్న ఆ లెక్కను నర్సమ్మ నమ్మింది. దాన్నిబట్టి ఎప్పుడు ఎంత ఇవ్వాలో తేల్చుకుని ఇచ్చింది. మర్నాడు పొద్దునకు సాయిబుకు చెమట పట్టి జ్వరం దిగింది. లేచి కూర్చుని మొదట తన మీసం తడిమి చూసుకున్నాడు. ఎన్ని మాత్రలు మింగావని నర్సమ్మ అడిగితే, మూడేనని తెలుగులో చెప్పాడు. ఆవిడ అక్కడే నేలమీద కూలబడింది.

రోడ్డు ఇంకా తెరవలేదు. ఆవిడకు ఆసుపత్రి మీద ధ్యాస, అతనికి తడిసిన మూట మీద బెంగ, నాకు అన్నిటిమీదా చిరాకు. ఒక్కచోట కూర్చోలేని ముగ్గురం ఆ వసారాలో చేరాం. ఊరికే ఉండలేక వాళ్లిద్దరూ తమ మాటలు బయటికి తీసి పోల్చుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిదిని ఆవిడ ఆఖ్ట్ అంది, అతను అత అన్నాడు. పేరును ఆవిడ నామె అంది, అతను నూమ్ అన్నాడు. కుదిరిన ప్రతి మాటకూ సాయిబు తొడ చరుచుకునేవాడు. కుదరనివి ఇంకా ఎక్కువ ఉండేవి, అక్కడ పోట్లాట వచ్చేది. నర్సమ్మ భాషలో సూర్యుడు ఆడది, చంద్రుడు మగవాడట. సాయిబు భాషలో చంద్రుడే ఆడది, సూర్యుడు మగవాడట. ఆ ఒక్క విషయం మీద ఒక పూటంతా వాదించుకున్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేక చేటతో సహా లోపలికి పోయింది.

నన్ను కూడా అడిగారు. నేను ఎనిమిది అన్నాను, పేరు అన్నాను. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది బడి మాట. మంచి మాటే. కానీ ఇప్పుడు మీ నాన్నమ్మ మాట కావాలి."

నేను నేల చూస్తూ, ఎనిమిదికి ఆట్ అన్నాను, పేరుకు నా అన్నాను. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. నాకు బడిగది గుర్తొచ్చింది. లేచి వానలోకి పరిగెత్తాను. రాగిచేను గట్టు దాకా వెళ్లాక వెనకనుంచి సాయిబు రొప్పుతూ రావడం వినిపించింది. జ్వరం నుంచి లేచిన మనిషి. గట్టు మీద కూలబడి, ఆయాసం తగ్గాక అన్నాడు.

"బేటీ, దారిలో సొంత మనిషి కనిపిస్తే నవ్వమా? అది ఆ నవ్వు."

నేను నమ్మలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అతను కూడా లేవలేదు. జ్వరం తిరగబెడుతుందని నర్సమ్మ వసారాలోంచి కేకలేస్తూనే ఉంది. చివరికి నేనే చెయ్యిచ్చి లేపాను.

ఆ సాయంత్రం నర్సమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా అవస్థ పడింది. తన మాట, సాయిబు మాట, మా ఇంటి మాట ఎప్పుడో ఒకే పొయ్యి చుట్టూ పుట్టి, తలో దిక్కు పోయాయట. తెలుగు వేరే ఇంటి పిల్లట. అయినా పొరుగున ఉండి ఉండి పనిమాటను, అంటే క్రియను, వాక్యం చివర పెట్టే అలవాటులో మాకూ దానికీ పొత్తు కుదిరిందట. సాయిబు మాటలోనూ అంతే. తన జర్మన్ మాత్రం ఒక్కోసారి మధ్యలో పెడుతుందని, ఒక్కోసారి చివరిదాకా దాచిపెట్టి విసిగిస్తుందని చెప్పి తనే నవ్వింది. నాకు సగమే ఎక్కింది. ఆ సగం పట్టుకెళ్లి నాన్నమ్మకు మా మాటలోనే చెప్పాను. ఆమె విని, ఆశ్చర్యమేమీ లేనట్టు, అన్నం తిన్నావా అని మా మాటలోనే అడిగింది. ఆమె పెట్టిన కంచం ముందు నాకెందుకో ఏడుపు ఆగలేదు.

రోడ్డు తెరిచాక నర్సమ్మ జీపులోనే నన్ను పెదబయలులో దింపారు. బడిలో ఏమీ మారలేదు. నవ్వేవాళ్లు నవ్వారు. నేను మాత్రం నోరు మూసుకోలేదు, అంతే. తరవాత కొన్నేళ్లకు నర్సమ్మ తన దేశం వెళ్లిపోయింది. సాయిబు ఒక ఏడు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. అతను మాట్లాడింది పష్తో అని నాకు తెలిసేసరికి నాకు పెళ్లై పిల్లలు కూడా పుట్టారు.

ఇప్పుడు నాకు మోకాళ్లు సహకరించవు. అయినా అరకు వెళ్లినప్పుడు, స్టేషన్లో కిరండూల్ బండి దిగేవాళ్లలో ఎవరైనా తెలియని భాష మాట్లాడితే కూర్చున్నచోట కూర్చోలేను. మనవరాలు చెయ్యి పట్టుకుని ఆపుతుంది, ఎవరో ఏంటో నానమ్మా, నీకేం అర్థమవుతుంది అంటుంది. అర్థం కాదు, నిజమే. అయినా వాళ్ల దగ్గరికి జరిగి నిలబడతాను. ఏ మాట మన చుట్టమై ఉంటుందో దూరం నుంచి చెప్పలేం కదా.